రెండు రంగుల ఫ్యాన్

లారీ ఇంజన్ వేడెక్కుతోందంటే మొదట ఏం చూడాలో నన్ను నిద్రలో లేపి అడిగినా వరుస తప్పకుండా చెబుతాను. రేడియేటర్‌లో నీళ్ళు, ఆ నీళ్ళు మోసే రబ్బరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు బిగువు, థర్మోస్టాట్, వాటర్ పంపు, అన్నిటికన్నా చివర హెడ్ గ్యాస్కెట్. చేతికి అందేదానితో మొదలుపెట్టి, విప్పవలసినదాని దగ్గరికి వెళ్ళాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేను నేర్పింది ఇదే. అయితే బెల్టుకూ థర్మోస్టాట్‌కూ మధ్య, ఏ శిక్షణలోనూ చెప్పని ప్రశ్న ఒకదాన్ని నా అంతట నేను చేర్చుకున్నాను. అది ఎలా వచ్చి చేరిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు.

రాయచూరు పొలిమేరలోని ఒక బియ్యం మిల్లులో చాలా ఏళ్ళు లారీల మరమ్మతుల సూపర్‌వైజర్‌గా పనిచేశాను. మిల్లు యజమాని కుటుంబం కోస్తా నుంచి తుంగభద్ర కాలువ కిందికి వచ్చి, మొదట వరి పండించి, తరువాత మిల్లు పెట్టింది. ఆయన్ను అందరం సావుకారు అనేవాళ్ళం. మాది రాయచూరులో తరతరాలుగా ఉంటున్న కుటుంబం. సావుకారుది ఒక తెలుగు, మాది ఒక తెలుగు. షెడ్డులో మాత్రం తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిసి ఒకే భాషగా చెలామణి అయ్యేవి. ఇప్పుడు ఆ మిల్లు సొంత లారీలు తీసేసి కిరాయి లారీలతో నడుస్తోంది. షెడ్డు మూతపడ్డాక, ఇంకా నడుం వంగకముందే, నేను విశ్రాంత ఉద్యోగినయ్యాను. ఏ రోజు ఏ బండికి ఏం చేశామో తేదీ వేసి రాసే అలవాటు మాత్రం పోలేదు. రాయడానికి లారీలు లేవు కనుక, ఇంటి నీళ్ళ మోటారు గురించీ నా స్కూటర్ గురించీ రాసుకుంటున్నాను.

నేను చెప్పబోయే లారీ మా షెడ్డులో అన్నిటికన్నా పాతది. బోనెట్ ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన రకం. అందరూ దాన్ని 'ముసల్ది' అనేవారు. దాని డ్రైవరూ మా అందరిలో పెద్దవాడే. రాయచూరు వాడు, మితభాషి, మనిషి కన్నా ముందు బండిని పలకరించే రకం. నేను ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవాడు. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

మిల్లులో ఆయుధ పూజ పెద్ద పండుగ. ఆ రోజు లారీలన్నీ కడిగి, రంగులు దిద్ది, అరటి పిలకలు కట్టి వరుసగా నిలబెట్టేవాళ్ళు. సావుకారు ఒక్కొక్క బండి చుట్టూ తిరిగి చూసి, అన్నిటికన్నా ముస్తాబైన బండి డ్రైవరుకు జరీ పంచె పెట్టేవారు. పంచె విలువ ఎంతని ఎవరూ అడగలేదు. అది ఎవరికి వచ్చిందన్నది మాత్రం ఏడాది పొడుగునా గుర్తుండేది. ఆ సంవత్సరం ముసల్దానికి వచ్చింది. సావుకారు దాని బోనెట్ ఎత్తించి లోపలికి తొంగిచూశారు. రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఫ్యాన్ ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఇదేంటయ్యా, ఫ్యాన్‌లో మొహం కనబడుతోంది. బండిని పెళ్ళికి గానీ తీసుకెళ్తున్నావా?" అన్నారు.

"పెండ్లికే సావుకార్. కోతలొస్తున్నయ్ కద, వడ్ల పెండ్లి," అన్నాడు పెద్ద డ్రైవరు. ఆయన నోట ఒక్కసారిగా అన్ని మాటలు రావడం నేను అదే మొదటిసారి విన్నాను.

పండుగ తరువాత కోతలు మొదలయ్యేదాకా లారీలకు పెద్దగా పని ఉండదు. ముసల్ది ఊళ్ళోనే ఖాళీ గోనె సంచులు అటూ ఇటూ మోసింది. వడ్లు మొదలయ్యాక అసలు కథ మొదలైంది. మాన్వి వైపు పొలాల నుంచి నిండు బరువుతో వస్తూ మొదటి వారంలోనే నీళ్ళు మరిగి దారిలో ఆగిపోయింది. అవి చలి రోజులు. ఎండాకాలంలో కూడా కాగని బండి చలిలో కాగడమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

మా హెడ్ మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. చేయి తిరిగిన మనిషి. ఏ బండినైనా రోగి అనే చూసేవాడు.

"బుఖార్ సాబ్, బుఖార్. లోపల గొట్టాలు మూసుకపోయినయ్," అని రేడియేటర్ దింపించి కడిగించాడు. జ్వరం తగ్గలేదు. థర్మోస్టాట్ మార్చాం. తగ్గలేదు. బెల్టు కొత్తది వేశాం. వాటర్ పంపు అరిగిందన్నాడు. ఫ్యాన్ విప్పితే గానీ పంపు బయటికి రాదు. ఉస్తాద్ ఫ్యాన్ విప్పి, పంపు మార్చి, ఫ్యాన్‌ను మళ్ళీ బిగించాడు. ఖాళీగా తిప్పి చూస్తే ఇంజన్ వేడి చూపే ముల్లు నడిమధ్యే నిలిచింది. ఇక కుదిరిందనుకున్నాం. మర్నాడు వడ్లతో వస్తూ మళ్ళీ ఆగింది.

ఫ్యాన్ సంగతి మేము చూడలేదని అనుకోవద్దు. చూశాం. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ ముందు ఉస్తాద్ తన రుమాలు పట్టుకున్నాడు. రుమాలు లోపలి వైపుకే లాగింది.

"గాలి సీదా పోతుంది. ఫ్యాన్ పాస్," అని తీర్పు చెప్పాడు. నేనూ తల ఊపాను. ఫ్యాన్ తిరగబడి ఉంటే గాలి బయటికి తంతుందని ఆయన నమ్మకం, నాది కూడా. గాలి లోపలికే పోతోంది కనుక ఫ్యాన్ నిర్దోషి. నా పుస్తకంలో దాని పేరు పక్కన 'బాగుంది' అని రాసుకున్నాను. చక్కని అక్షరాలతో.

భాగాలన్నీ మార్చినా రోగం పోకపోతే మాట మనిషి మీదికి తిరుగుతుంది. డ్రైవరు నీళ్ళు చూసుకోవడం లేదన్న మాట మిల్లులో పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. సంచులెత్తే హమాలీలు ముసల్ది గేటులోకి రాగానే అడిగేవాళ్ళు: "తాతా, రేడియేటర్ల నీళ్ళు పోస్తున్నవా, చాయ్ పోస్తున్నవా?" ఆయన నవ్వేవాడు కాదు, కోపగించేవాడూ కాదు. దిగి, బోనెట్ ఎత్తి, నీళ్ళు చూసుకుని పోయేవాడు.

చివరికి సావుకారు నన్ను పిలిపించారు.

"ఇదిగో చూడండి, కోతల్లో బండి దారిలో ఆగితే కళ్ళాల్లో రైతు నన్ను తిడతాడు, మిమ్మల్ని కాదు. ఇంకొక్కసారి ఆగిందంటే పాత ఇనుము కింద అమ్మేద్దాం. ఆ పెద్దాయన కూడా ఇంక ఇంటిపట్టున ఉంటాడు. వయసయింది కదండీ."

మిగతా లారీలన్నిటికీ డ్రైవర్లున్నారు. ముసల్ది పోతే ఆయన కూర్చోవడానికి సీటు లేదు. ఆ వయసులో, నీళ్ళు చూసుకోడన్న పేరుతో, రాయచూరు లారీ స్టాండులో ఇంకొకరు బండి తాళాలు ఇవ్వరు. ఈ సంగతి నేను చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది.

మర్నాడు గిల్లేసూగూరు వైపు నుంచి వడ్లు తేవాలి. నేనూ ఆ బండిలోనే వెళ్ళాను. పోయేటప్పుడు బండి ఖాళీ. ముల్లు కదలలేదు. ఊరు దాటాక ఆయనే మాట్లాడాడు.

"బండి పోతే పోనీ సార్. ముసల్దైంది, నేను గూడ ముసలోన్నైన. గని నేను నీళ్ళు చూస్తలేనంటున్నరు సూడు, గా మాట మింగుడు పడ్తలేదు."

"నేనన్లే కదన్నా."

"మీరన్లే. రాసుకుంటరు గంతే."

నా చేతిలో పుస్తకం తెరిచే ఉంది.

వడ్లు నింపుకుని తిరిగివస్తున్నాం. పొలం బాట మీద, తరువాత కాలువ గట్టు మీద నెమ్మదిగా నడవాలి. గట్టెక్కిన కాసేపటికే ముల్లు లేవడం మొదలైంది. వేగంగా పోతే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, నెమ్మదిగా పోయేటప్పుడే ఫ్యాన్ అవసరం. ఇది నాకు తెలియని విషయం కాదు. కానీ ఫ్యాన్‌ను నేను నిర్దోషిగా విడిచిపెట్టి ఉన్నాను గదా. ముల్లు ఎర్ర గీత దగ్గరికి రాగానే ఆయన బండి ఆపేశాడు. ఇంజన్ ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సావుకారు చెప్పిన 'ఇంకొక్కసారి' ఇదేనని ఇద్దరికీ తెలుసు.

ఇంతలో మా మిల్లుదే ఇంకొక లారీ మా వెనుక వచ్చి ఆగింది. అదే రకం, వయసులో కొంచెం చిన్నది. గట్టు మీద పక్క నుంచి పోవడానికి దారి లేదు. దాని డ్రైవరు ఇంజన్ ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందన్నా, మళ్ళ ఉడుకుతుందా? ఇంత బియ్యం ఎయ్యరాదు, అన్నమన్న అయితది."

"నువ్వు తిననీకి వస్తె ఏస్తం," అన్నాడు మా పెద్దాయన, దిగుతూ.

బండి చల్లారే లోపల తినేద్దామని జొన్నరొట్టెల మూట విప్పాను. రొట్టెలు చుట్టిన వార్తాపత్రిక కాగితం చేతిలో పట్టుకుని, వెనుక లారీ డ్రైవరును కూడా తినమని పిలవడానికి దాని ముందుకు వెళ్ళాను. కాగితం నా చేతిలోంచి జారి ఎగిరి, ఆ లారీ రేడియేటర్ ముందున్న ఇనుప జాలీకి అతుక్కుంది. మామూలుగా అతుక్కోలేదు. జిగురు పెట్టి అంటించినట్టు నిలిచింది. పీకితే చినిగి ముక్క చేతికొచ్చింది.

నేను ఆ చినిగిన ముక్కను చూస్తూ కొంతసేపు నిలబడ్డాను. రొట్టె సంగతి మరచిపోయాను.

ముసల్దాని ముల్లు దిగాక ఇంజన్ వేయమన్నాను. మిగిలిన కాగితాన్ని దాని జాలీకి ఆనించి వదిలాను. కాగితం లోపలికి ఒరిగింది, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలబడి, మెల్లగా జారి నేల మీద పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. మేము ఇన్నాళ్ళూ గాలి లాగుతోందా లేదా అనే చూశాం. ఎంత లాగుతోందో చూడలేదు.

రెండు ఇంజన్లూ ఆపించి, రెండు బోనెట్లూ ఎత్తించి చూశాను. వెనుక లారీ ఫ్యాన్ రెక్కల గుంట ఇంజన్ వైపుకు ఉంది. ముసల్దాని రెక్కల గుంట రేడియేటర్ వైపుకు ఉంది. ఇంజన్ వైపు కనిపిస్తున్నది వాటి ఉబ్బెత్తు వీపు, ఎర్రగా, నున్నగా. ఇక్కడ కొత్తవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి ఫ్యాన్‌ను తిరగేసి బిగించినా గాలి దిక్కు మారదు. రెక్కల వాలు అలాగే ఉంటుంది కనుక గాలి అటే పోతుంది, బలం మాత్రం చచ్చిపోతుంది. చేటను బోర్లించి వడ్లు ఎత్తడం లాంటిది. చేయి ఆడుతూనే ఉంటుంది, చేటలోకి వచ్చేది కొన్ని గింజలే.

"అన్నా," అన్నాను, "పండుగకు ఈ ఫ్యాన్‌కు రంగు ఇప్పకుంట ఏసినవా, ఇప్పి ఏసినవా?"

"ఇప్పకుంట గంత మంచిగ ఎట్లొస్తది సార్?" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఇంకా జరీ పంచె మెరుపు ఉంది.

"ఇప్పేటప్పుడు ఏ మొహం ఎటుండె?"

ఆయన వెనుక లారీ ఫ్యాన్ వైపు చూశాడు. తన ఫ్యాన్ వైపు చూశాడు. తరువాత తనలో తాను చెప్పుకున్నట్టుగా చెప్పాడు.

"గుంటల రంగు నిలిచి ముద్ద కట్టె సార్. ఈపు దిక్కు నున్నగొచ్చె. బోనెట్ ఎత్తితె కనబడేది గీ దిక్కే కద. మంచి మొహం చూసెటోళ్ళకు పెట్టిన."

ఫ్యాన్ నడిమి బిళ్ళ మీద తాళంచెవితో గీరాను. ఏళ్ళ తరబడి పండుగ రంగులు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. వాటి కింద, ఏ వైపు ముందుండాలో చెప్పే అచ్చు అక్షరాలు బయటపడ్డాయి. పూజలన్నీ కలిసి ఆ అక్షరాలను మూసేశాయి.

వెనుక లారీ పెట్టెలో పానాలున్నాయి. ముగ్గురం కలిసి ఆ గట్టు మీదే ఫ్యాన్ విప్పి, తిప్పి బిగించాం. పని అయ్యాక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. డ్రైవర్లెవరూ ఇంజన్ మీద పానా పెట్టకూడదన్నది మిల్లులో గట్టి నియమం. వెనక ఒకసారి ఎవరో బోల్టు వదులుగా వదిలేస్తే, సావుకారు ఆ డ్రైవరును ఆ పూటే పంపేశారు.

"సావుకార్‌కు తెలుస్తె ముసల్ది ఉంటది సార్, నేను పోత."

"ఫ్యాన్ సర్దినమని చెప్త. ఎవరు తిప్పిండ్రో మాత్రం చెప్పను."

ఆయన తల ఊపాడు. ఊరట పడినట్టు మాత్రం అనిపించలేదు.

మిల్లు గేటు దగ్గర కాటా కోసం లారీల వరుస ఉంది. వడ్ల బరువుతో, ఇంజన్ ఆపకుండా, అడుగడుగుకూ ఆగుతూ జరగాలి. ముసల్దానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. ఆయన రోడ్డు చూడలేదు. నేను పుస్తకం చూడలేదు. ఇద్దరం ముల్లునే చూస్తూ కూర్చున్నాం. అది నడిమధ్యకు వచ్చి, అక్కడే, బద్ధకంగా నిలబడింది. ఒక ఇంజన్ కొలత ముల్లును అంత ప్రేమగా నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

కాటా దగ్గర సావుకారు ఉన్నారు, పక్కనే ఉస్తాద్ ఉన్నాడు.

"ఆగలేదా?" అన్నారు సావుకారు.

"ఆగింది. కారణం కూడా దొరికింది. ఫ్యాన్ తిరగబడి ఉంది. సరిచేశాం. ఇక ఆగదు," అన్నాను.

ఆయన మొహం విప్పారి, వెంటనే ముడుచుకుంది. "తిరగబడి ఉందా? మొన్న పంపు మార్చినప్పుడు ఫ్యాన్ విప్పి బిగించింది ఎవరండీ?" అని ఉస్తాద్ వైపు తిరిగారు. "ఏం ఉస్తాదూ, ఇన్నేళ్ళ సర్వీసు, ఫ్యాన్ ఎటు పెట్టాలో తెలీదా? నీ చేత్తో పాడుచేసి, ఆ పెద్దాయన నీళ్ళు పోయట్లేదని మా చేత అనిపించావా?"

ఉస్తాద్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నహీ సాబ్... ఎట్లుండెనో గట్లనే పెట్టిన," అని మాత్రం అన్నాడు. అది నిజం. కానీ ఆ నిజాన్ని నిలబెట్టగలిగినవాళ్ళు అక్కడ ఇద్దరమే ఉన్నాం. రెండోవాడైన పెద్ద డ్రైవరుకు నేను మాట ఇచ్చి ఉన్నాను. నోరు తెరవాలా వద్దా అని నేను తేల్చుకోకముందే, లారీ తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

పెద్ద డ్రైవరు దిగి వచ్చి, ఉస్తాద్‌కూ సావుకారుకూ మధ్య నిలబడ్డాడు.

"ఉస్తాద్ కాదు సావుకార్. పండుగకు నేనే ఇప్పిన, నేనే ఉల్టా పెట్టిన. రంగు మంచిగొచ్చిన దిక్కు మీకు కనబడాలని."

హమాలీలు సంచులు దింపడం ఆపేశారు. సావుకారు వెళ్ళి తానే బోనెట్ ఎత్తి చూశారు. ఇప్పుడు ఇటు కనిపిస్తున్నది గుంటలు పడి, రంగు ముద్దకట్టి, మరకలుగా కారిన వైపు.

"బాగా అసహ్యంగా ఉందయ్యా ఇటువైపు," అన్నారు.

"హౌదు సావుకార్. అందుకే తిప్పిన."

"ఆ రోజు బోనెట్ ఎత్తించి, అదే ఫ్యాన్‌ను మెచ్చుకుని పంచె పెట్టింది నేనే కదా."

"ఉతికి పెట్టిన సావుకార్. కట్టలే ఇంక. వాపస్ ఇస్త."

సావుకారు బోనెట్ దించారు. నవ్వు ఆపుకుంటున్నారని ఆయన భుజాలు చెప్పాయి. "ఉంచుకో. అది రంగుకిచ్చింది, బిగింపుకి కాదు." నా వైపు తిరిగి అన్నారు: "ఈ బండి అమ్మకం సంగతి ఇంక ఎత్తకండి. వచ్చే పండక్కి మాత్రం పానాల పెట్టెకి తాళం వేసి, చెవి మీ దగ్గర పెట్టుకోండి."

ఉస్తాద్‌కు సావుకారు క్షమాపణేమీ చెప్పలేదు. అలాంటి మనిషి కాదు. కానీ ఆ సాయంత్రం తన ఇంటి నుంచి తెచ్చిన చాయ్ ఫ్లాస్కును ఉస్తాద్ ముందు పెట్టి వెళ్ళిపోయారు. ఉస్తాద్ ముందు పెద్ద డ్రైవరుకు పోసి, తరువాత తాను తాగాడు. "రేడియేటర్లకు చాయ్, తాతా," అని ఒక హమాలీ అన్నాడు. ఈసారి ఆయన నవ్వాడు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు తాళంచెవి నా జేబులో ఉంది. పెద్దాయన వచ్చి, సార్, మీరు ముందర నిలబడండ్రి, రంగేస్త అన్నాడు. ఉస్తాద్ ఫ్యాన్ విప్పి ఇచ్చాడు. ఆయన రెక్కల గుంటకు ఎరుపు, వీపుకు పసుపు పూశాడు. ఎరుపు ఇంజన్ దిక్కు, పసుపు గాలి దిక్కు. ఇక గుడ్డివాడు కూడా తప్పు బిగించడన్నాడు. పంచె ఆ ఏడు వేరే బండికి వచ్చింది. కానీ చూస్తుండగానే మిగతా డ్రైవర్లందరూ తమ ఫ్యాన్లకు అవే రెండు రంగులు వేయించుకున్నారు. ముసల్ది ఆ తరువాత ఎన్నో కోతలు చూసింది. దాన్ని అమ్మిన కొద్ది కాలానికే ఆయనా పని మానుకున్నాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నా వరుసలో బెల్టు తరువాతి ప్రశ్న మాత్రం ఉంది: పోయిన పండుగకు దీనికి రంగు ఎవరు వేశారు?

ఈ మధ్య లింగసూగూరు వెళ్తూ కల్మలలో చాయ్ కోసం ఆగాను. రోడ్డు పక్కన ఒక పాత లారీ బోనెట్ ఎత్తి ఉంది. నలభై ఏళ్ళ డ్రైవరు నీళ్ళు పోస్తున్నాడు. నేను ఎన్నడూ చూడని బండి, ఎన్నడూ చూడని మనిషి. అలవాటు చొప్పున తొంగిచూశాను. ఫ్యాన్ రెక్కల గుంటలు ఎర్రగా ఉన్నాయి. వంగి, రేడియేటర్ సందులోంచి అవతలి వైపు చూశాను. పసుపు.

"ఈ రంగులేంది తమ్మీ?" అని అడిగాను.

"దిష్టి తగల్కుంట సార్. మా దిక్కు పాత బండ్లకు అందరు గిట్లనే ఏస్తరు. ఎరుపు ఇంజన్‌కు, పసుపు గాలికి. ఉల్టా పెడితె బండికి జ్వరమొస్తదంటరు పెద్దోళ్ళు."

"ఎందుకొస్తదంట?"

"ఏమో సార్. వస్తది గంతే."

జేబులోని పుస్తకం తీసి, తేదీ వేశాను. ఆ డ్రైవరు చెప్పినదాన్ని అక్షరం మార్చకుండా రాసుకున్నాను. అందులో దిద్దవలసింది నాకేమీ కనిపించలేదు.